మరీ బాగున్న ఎముకల రిపోర్టు

2021 జూలైలో నేను సూరత్‌లో ఒక ప్రైవేటు లేబొరేటరీకి బయోకెమిస్ట్రీ విభాగాధిపతిగా ఉన్నాను. మా వారి ఉద్యోగం సూరత్ పక్కనున్న హజీరాలో కావడంతో గుంటూరు వదిలి ఆ ఊరికి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. కరోనా రెండో విడత కాస్త తగ్గింది. అంతకుముందు రెండు నెలలు మా యంత్రాలు కరోనా రోగుల రక్తం తప్ప మరొకటి ఎరగనట్టు నడిచాయి. జూలైకి మామూలు జబ్బులవాళ్లు ఒక్కొక్కరే బయటికి రావడం మొదలైంది. వాయిదా పడ్డ పరీక్షలు, మధ్యలో ఆగిన మందులు, దాచుకున్న నొప్పులు అన్నీ ఒకేసారి మా మీదికి వచ్చాయి.

లేబొరేటరీలో ఒక రిపోర్టు బయటికి వెళ్లాలంటే మూడు చేతులు దాటాలి. టెక్నీషియన్ యంత్రం మీద పరీక్ష నడుపుతాడు. సీనియర్ టెక్నీషియన్ దాన్ని సరిచూస్తాడు. చివర నేను కంప్యూటర్‌లో ఆమోదం ఇస్తే, అంటే సంతకం పెడితే, అది డాక్టరుకు, రోగికి చేరుతుంది. సంతకం పెట్టడానికి ఎక్కువ సమయం పట్టదు. ఫలితం మరీ ఎక్కువగానో, ప్రమాదకరంగానో ఉంటే ఆగి ఆలోచిస్తాం. బాగున్న ఫలితం దగ్గర ఎవరూ ఆగరు.

ఆ రోజు నేను ఆగింది అలాంటి ఒక ఫలితం దగ్గరే.

రోగి పేరు అనసూయమ్మ. అరవై ఏడేళ్లు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి స్థిరపడిన నేత కుటుంబం. భర్త లేడు. సూరత్‌లోనే పర్వత్ పాటియా పేటలో కొడుకు శ్రీనివాస్, కోడలితో ఉండేది. కొడుకు మరమగ్గాల షెడ్డులో మాస్టరు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేది. ఎముకలు గుల్లబారే జబ్బుకు కొన్నేళ్లుగా డాక్టర్ దేశాయి దగ్గర చూపించుకుంటోంది. ఆయన హార్మోన్ల వైద్యుడు. నాకు చాలాకాలంగా పరిచయం.

ఎముక చూడ్డానికి రాయిలా ఉన్నా, బతికున్నంత కాలం ఒకవైపు కరుగుతూ, మరోవైపు కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. కరిగేటప్పుడు దానిలోని మాంసకృత్తుల తునకలు రక్తంలోకి వస్తాయి. వాటిని కొలిచే పరీక్ష పేరు సీటీఎక్స్. అది ఎక్కువగా ఉంటే ఎముక వేగంగా కరుగుతోందని, తక్కువగా ఉంటే మందు పనిచేస్తోందని అర్థం. ఎముకల సాంద్రత చూసే స్కాన్‌లో మార్పు కనబడటానికి ఏడాదో, ఇంకా ఎక్కువో పడుతుంది. రక్తంలో కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. పైగా ఆ రోజుల్లో స్కాన్ గదులు చాలావరకు మూతపడ్డాయి. రక్తపరీక్ష ఒక్కటే దారి. దానికీ ఒక నియమం ఉంది. తిండి తింటే సీటీఎక్స్ పడిపోతుంది కాబట్టి పొద్దున్నే పరగడుపున రక్తం తీయాలి.

అనసూయమ్మకు ఇస్తున్న మందు డెనోసుమాబ్. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. ఎముక కరగడాన్ని ఇది గట్టిగా అణిచిపెడుతుంది. వాయిదా తప్పితే మాత్రం, అణిగి ఉన్నదంతా ఒక్కపెట్టున తిరగబెడుతుంది. చికిత్స మొదలుపెట్టకముందుకన్నా వేగంగా ఎముక కరిగి, వెన్నుపూసలు ఒకదాని తరువాత ఒకటి కుంగిపోయే ప్రమాదం ఉంది. ఆమె చివరి ఇంజెక్షన్ కిందటి దసరా రోజుల్లో పడింది. తరువాతిది ఏప్రిల్‌లో పడాలి. ఏప్రిల్‌లో ఆమె కరోనాతో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది.

జూలైలో కొడుకు ఆమెను దేశాయి దగ్గరికి తీసుకువెళ్లేసరికి మరో చిక్కు వచ్చింది. కింది దవడ పన్ను ఒకటి పుచ్చి నొప్పి పెడుతోంది. కరోనా తరువాత దవడకు ఫంగస్ పట్టినవాళ్లను అందరం చూస్తున్న కాలం అది. దంతవైద్యుడు ఫంగస్ కాదని తేల్చాడు గానీ పన్ను తీసేయాలన్నాడు. ఈ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోవడం అరుదుగా జరుగుతుంది. అందుకే ముందు పన్ను తీసి, గాయం పూర్తిగా మానాక ఇంజెక్షన్ ఇవ్వమని ఆయన సలహా. అంటే ఇంకో నెలా రెండు నెలలు. అంత ఆగవచ్చా లేదా అన్నది సీటీఎక్స్ చెప్పాలి. ఇంకా అణిగి ఉంటే ఆగవచ్చు. పైకి లేచి ఉంటే ఆగకూడదు. దేశాయి నాకు స్వయంగా ఫోన్ చేసి, ఫలితం రాగానే చెప్పమన్నారు. పన్ను తీయడానికి ఎల్లుండి పొద్దున అపాయింట్‌మెంట్ ఉందని కూడా చెప్పారు.

ఫలితం మధ్యాహ్నానికి వచ్చింది. సీటీఎక్స్ యంత్రం కొలవగలిగిన అట్టడుగున ఉంది. సీనియర్ టెక్నీషియన్ దాన్ని సరిచూసి, బాగుంది మేడం అని నా స్క్రీన్ మీదికి పంపాడు.

నేను ఆమె పాత ఫలితాలు తెరిచి చూశాను. ఇంజెక్షన్ మంచి బలం మీద ఉన్నప్పటి విలువకన్నా కూడా ఇది తక్కువ. మందు పడి తొమ్మిది నెలలు కావస్తున్న మనిషికి ఇది ఎలా సాధ్యం? పక్కనే ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే పాతకాలపు మామూలు పరీక్ష ఉంది. ఎముకలో పని జోరుగా సాగుతుంటే అది పెరుగుతుంది. ఆమె పాత విలువలకన్నా అది బాగా పెరిగి ఉంది. కరోనా వల్ల కాలేయం దెబ్బతిన్నా అది పెరగవచ్చు కాబట్టి దాన్ని బట్టి ఏదీ తేల్చలేం. కానీ ఒక పరీక్ష ఎముక నిద్రపోతోందంటోంది, మరొకటి మేలుకుని పరుగెడుతోందంటోంది.

యంత్రాన్ని సరిచూసే కంట్రోల్ ద్రావణాలు మళ్లీ నడిపించాను. సరిగ్గానే ఉన్నాయి. అదే రక్తాన్ని మళ్లీ పరీక్షించాం. అదే అంకె వచ్చింది. ట్యూబులు తారుమారయ్యాయేమోనని ఇంటికి వెళ్లి రక్తం తెచ్చిన హీనాబెన్‌ను పిలిచి అడిగాను. ఆ పొద్దున ఆ వీధిలో తాను వెళ్లింది ఆ ఒక్క ఇంటికేనని, లేబుల్ వాళ్ల ఎదుటే అంటించానని ఆమె చెప్పింది. ఇక మిగిలింది పరగడుపు సంగతి. శ్రీనివాస్‌కు ఫోన్ చేశాను. వెనక మగ్గాల మోతలో అతను గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఏం తినలే మేడం. చాయ్ గూడ తాగలే. నేను పక్కనే ఉన్న. ఏమైంది, రిపోర్ట్ ఖరాబ్ వచ్చిందా?"

"ఖరాబేమీ రాలేదు. సరిచూసుకుంటున్నాను అంతే. అమ్మ ఏ మందులు వాడుతున్నారు?"

"బీపీ గోలి, కాల్షియం గోలి. గంతే. డాక్టర్ సాబ్ రాసినయే." మళ్లీ అతనే అన్నాడు. "మేడం, జర సాఫ్ చెప్పుండ్రి. ఏప్రిల్‌ల గూడ గిట్లనే ఫస్ట్ రిపోర్ట్ నార్మల్ అన్నరు. రెండు దినాలకు అమ్మకు ఆక్సిజన్ పెట్టిండ్రు. నార్మల్ అంటేనే నాకు భయమైతుంది."

నా భయమూ అదే.

దేశాయికి ఫోన్ చేసి ఫలితం ఆపుతున్నానని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. యంత్రం సరిగ్గా ఉందంటున్నారు, కంట్రోల్స్ సరిగ్గా ఉన్నాయంటున్నారు, రోగి పరగడుపునే ఉందంటున్నారు, మరి మీ అనుమానం దేని మీద అని అడిగారు. అంకె నమ్మేలా లేదు అన్నాను. నమ్మకాల మీద నేను వైద్యం చేయలేను, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి, లేకపోతే ఆ అంకెనే నమ్మి పన్ను తీయమంటాను అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. సంతకం ఆపడం సులువే. ఎందుకు ఆపానో చెప్పగలగాలి.

అరగంట తరువాత అదే రక్తంలో విటమిన్ డి ఫలితం వచ్చింది. అది మరీ ఎక్కువగా ఉంది, విషమయ్యేంత. నెలల తరబడి ఎండలోకి రాని మనిషికి, విటమిన్ డి మందు వాడని మనిషికి అంత ఎలా వస్తుంది? ఆ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు దారి దొరికింది.

మా యంత్రం ఈ పరీక్షల్లో బయోటిన్ అనే విటమిన్‌ను జిగురులా వాడుకుంటుంది. రోగి రక్తంలోనే బయోటిన్ మితిమీరి ఉంటే ఆ జిగురు పట్టదు. అప్పుడు సీటీఎక్స్ లాంటి పరీక్షల్లో ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. విటమిన్ డి లాంటివి వేరే పద్ధతిలో జరుగుతాయి కాబట్టి వాటిలో లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకటి పడిపోయి మరొకటి పైకెక్కడం దాని గుర్తు. మామూలు తిండిలో ఉండే బయోటిన్‌తో ఇది జరగదు. జుట్టు రాలకుండా అమ్మే మాత్రల్లో ఉండేంత మోతాదు కావాలి. కానీ అలాంటి మాత్రలేవీ ఆమె వాడటం లేదని కొడుకు చెప్పాడు.

విభాగాధిపతులు రోగుల ఇళ్లకు వెళ్లే ఆనవాయితీ మా సంస్థలో లేదు. ఆ రోజు రక్తం సేకరించే కారు అటు వెళుతుంటే ఎక్కి కూర్చున్నాను. ఆమెనే నేరుగా అడగాలి, ఫోన్ చేస్తే మళ్లీ కొడుకే ఎత్తుతాడని తెలుసు.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో లేసు కుట్టాల్సిన చీరల మూటలు గోడవారగా పేర్చి ఉన్నాయి. అనసూయమ్మ కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. కొంగు నుదుటి దాకా కప్పుకుంది. నేను మాస్కు తీయకుండా గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. తెలుగులో పలకరించేసరికి ఆమె ముఖం కొంచెం విప్పారింది.

"మీరు తెలుగోళ్లా మేడం?"

"అవునమ్మా. మాది గుంటూరు. డాక్టరు గారు రాసినవి కాక ఇంకేమైనా మందులు వేసుకుంటున్నారా?"

"లేదు. ఏం లేదు."

కోడలు చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను గొంతు తగ్గించాను. "కరోనా వచ్చి తగ్గినవాళ్లకు జుట్టు బాగా రాలుతోందమ్మా. మా ల్యాబ్‌లో ఆడపిల్లలు కూడా బాధపడుతున్నారు. మీకూ రాలుతోందా?"

ఆమె వంటింటి వైపు చూసింది. తరువాత మెల్లగా కొంగు వెనక్కి జరిపింది. పాపిడి పక్కన నెత్తి తెల్లగా కనిపిస్తోంది.

"కుచ్చులు కుచ్చులు ఊడొస్తుంది బిడ్డా. దువ్వెన పెట్టాల్నంటె భయం. కింది ఇంటామె అన్నది, జుట్టు ఊడుడు ఆగకపోతె బీమారి ఇంక లోపల్నే ఉన్నట్టంట. శీనుగానికి తెలిస్తె మళ్ల దవాఖానల పెడ్తడు. ఆడ నా పక్క మంచమామె పొద్దున నాతోని మంచిగ మాట్లాడింది. పగటికి మంచం ఖాళీ. నేను మళ్ల ఆడికి పోను."

"అందుకని ఏమైనా వేసుకుంటున్నారా?"

చీరల మూటల సందులో చెయ్యి పెట్టి ఒక మాత్రల పట్టీ తీసి ఇచ్చింది. బయోటిన్. ఎక్కువ మోతాదుది.

"మందుల దుకాణంల అడిగి తెచ్చుకున్న. రోజుకు ఒకటి చాలన్నడు. జల్ది తగ్గాల్నని నేనే రెండు ఏస్కుంటున్న. ఒక్కోనాడు మూడు."

"ఈ పొద్దున రక్తం ఇచ్చే ముందు కూడా వేసుకున్నారా?"

"ఏస్కున్న. ఏం తినొద్దన్నరు గని అది గోలి గద, తిండి గాదు గద. నీళ్లతోని మింగిన."

జుట్టు రాలడం జబ్బు లోపల మిగిలిందనడానికి గుర్తు కాదని, కొన్ని నెలల్లో దానంతటదే మొలుస్తుందని ఆమెకు చెప్పాను. మాత్రలు మానేసి మూడు నాలుగు రోజులాగితే మళ్లీ రక్తం తీస్తామన్నాను. అంతవరకు వంగవద్దు, బరువెత్తవద్దు అని రెండుసార్లు చెప్పాను.

"శీనుకు చెప్పకు బిడ్డా."

"డాక్టరు గారికి చెప్పక తప్పదమ్మా. మీ అబ్బాయికి మీరే చెప్పండి. దాచొద్దు."

ఆమె తలూపింది గానీ మాట ఇవ్వలేదు.

దేశాయికి కారులోంచే ఫోన్ చేశాను. మాత్రల సంగతి చెప్పాను. ఆయన పన్ను పని వాయిదా వేయిస్తానన్నారు. ఇంజెక్షన్ వెంటనే ఇచ్చేయకూడదా అని అడిగాను. విటమిన్ డి అంకె కూడా తప్పే అయితే, అసలు విలువ బాగా తక్కువ కూడా కావచ్చు, అప్పుడీ ఇంజెక్షన్‌తో రక్తంలో కాల్షియం పడిపోతుంది, అది తేలేదాకా ఇవ్వను అన్నారు. సరైన మాటే. మొదటి రిపోర్టును చెల్లదని రాసి, కారణం చేర్చి రద్దు చేశాను.

ఆ కొద్ది రోజులూ నాకు పని మీద మనసు నిలవలేదు. లేబొరేటరీలో పనిచేసేవాళ్లకు రోగి సాధారణంగా ఒక ట్యూబు, ఒక నంబరు. ఈసారి ఆ ఒరిగి కూర్చున్న మనిషి కళ్ల ముందు ఉంది. ఆమె వెన్ను లోపల ఏం జరుగుతోందో కొలిచే సాధనం నా దగ్గర ఉండి కూడా ఆగాల్సి వచ్చింది. తొందరపడి రక్తం తీస్తే మళ్లీ తప్పుడు అంకె వస్తుంది. ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఊహించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

రక్తం తీయాల్సిన రోజుకు ముందురోజు శ్రీనివాస్ ఫోన్ చేశాడు.

"అమ్మ లేస్తలేదు మేడం. చీరల మూట పక్కకు జరపబోయిందట. నడుముల కట్‌మన్నదట. అటు తిరిగితె ఏడుస్తుంది, ఇటు తిరిగితె ఏడుస్తుంది."

"బరువెత్తొద్దన్నాను కదా శ్రీనివాస్ గారూ."

"ఊకెనే కూసొని తింటున్న అని కోడలు అనుకుంటది అనుకొని లేసిందట. ఎవ్వలేమన్లే మేడం. ఆమెకామెనే అనుకున్నది." తరువాత అతని గొంతు తగ్గింది. "గోలీల సంగతి నిన్ననే చెప్పింది. గా గోలీలతోనే ఇట్లయిందా?"

"కాదు. ఆ గోలీలు ఎముకను ఏమీ చేయవు. మా యంత్రానికి అడ్డం పడ్డాయి, అంతే. మీరు అమ్మను ఏమీ అనకండి."

"నేనేమంట మేడం. ఒక్క మాట అడుగుత. దవాఖానల ఉంచుకుంటరా? ఉంచుకుంటె ఆమె గుండె ఆగి పోతది."

ఆ మాట దేశాయికి చేరవేశాను. మర్నాడు పొద్దున హీనాబెన్ వెళ్లి మంచం మీదే రక్తం తీసింది. ఆ ట్యూబు రాగానే మిగతా పనులన్నీ ఆపి దాన్ని యంత్రం మీద పెట్టించాను. సీటీఎక్స్ చికిత్సకు ముందున్న విలువనూ దాటి, దానికి రెట్టింపు పైన వచ్చింది. విటమిన్ డి మాత్రం కాస్త తక్కువ వైపు ఉన్నా ఇంజెక్షన్‌కు అడ్డం కాదు. కాల్షియం సరిగ్గా ఉంది. ఈసారి వేరే పద్ధతిలో పనిచేసే మరో లేబొరేటరీకి కూడా కొంచెం రక్తం పంపి సరిచూసుకున్నాను. వాళ్ల పద్ధతి వేరు కాబట్టి అంకె సరిగ్గా కలవలేదు గానీ, అదీ ఎక్కువగానే ఉంది. సంతకం పెట్టి, దేశాయికి ఫోన్ చేశాను.

ఆ మధ్యాహ్నమే ఆమెను స్ట్రెచర్ మీద తీసుకువెళ్లి ఎక్స్‌రే తీశారు. నడుము దగ్గర ఒక వెన్నుపూస ముందువైపు కుంగింది. దేశాయి అక్కడికక్కడే ఇంజెక్షన్ ఇచ్చి, నడుముకు బెల్టు కట్టించి, వార్డులో చేర్చకుండా సాయంత్రానికి ఇంటికి పంపేశారు. దంతవైద్యుడు పన్ను తీయకుండా లోపల శుభ్రం చేసి నింపాడు. దవడ ఎముక జోలికి పోవాల్సిన అవసరం రాలేదు.

ఆ వెన్నుపూస మూట జరిపిన రోజే కుంగిందో, అంతకుముందే కొంత కుంగి ఆ రోజు బయటపడిందో ఎక్స్‌రే చదివిన డాక్టరు చెప్పలేకపోయాడు. దేశాయికీ నాకూ దాని మీద తరువాత ఒకటి రెండుసార్లు చర్చ జరిగింది. ఏదీ తేలలేదు. మొదటి అంకెను నమ్మి రెండు నెలలు ఆగి ఉంటే ఒకటితో పోయేది కాదన్న మాట మీద మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

కొద్ది వారాల తరువాత తీసిన రక్తంలో సీటీఎక్స్ మళ్లీ అణిగింది. మరో వెన్నుపూస కుంగలేదు. తరువాతి ఇంజెక్షన్ వేళకే పడింది. ఆమె కొంచెం పొట్టి అయింది, ఎక్కువసేపు కూర్చుని లేసు కుట్టలేకపోయేది. కోడలు ఆ పని తీసుకుంది.

నేను రిటైరయ్యేలోగా మా విభాగంలో ఒక మార్పు చేశాను. అంతవరకు రక్తం తీసేవాళ్లు, ఏ మందులు వాడుతున్నారు అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకు జనం డాక్టరు రాసినవే చెబుతారు. జుట్టుకు, గోళ్లకు, బలానికి అని సొంతంగా కొనుక్కునేవి వాళ్ల లెక్కలో మందులు కావు. అందుకని, ఒంటికి మంచిదని ఏమైనా మింగుతున్నారా అని అడగమన్నాను. పక్కనున్నవాళ్లను కాకుండా రోగినే, వీలైతే ఒంటరిగా, వాళ్లకు వచ్చిన భాషలో అడగమన్నాను. ఇక నా విషయానికి వస్తే, ఎముకల పరీక్షల్లో ప్రమాదకరమైన అంకె దగ్గర ఎంత ఆగుతానో, రోగి కథతో పొసగని మంచి అంకె దగ్గరా అంతే ఆగడం అలవాటు చేసుకున్నాను. అలా ఆపిన రిపోర్టుల్లో చాలావరకు చివరికి సరైనవే అయ్యాయి. అయినా ఆ అలవాటు మానలేదు.